ఎదుటివాళ్ళ వంతు

పైవాటాలో అద్దెకున్న గ్రేసీవాళ్ళు ఇల్లు ఖాళీ చేసిన రోజు, సామానంతా చిన్న లారీకి ఎక్కించడం అయ్యాక, ఆ పిల్ల మెట్లు దిగి వచ్చి ఒక పాలపొడి డబ్బా నా చేతిలో పెట్టింది. "ఇవి వంశీగానివి అవ్వా. మా యమ్మ తీసుకోమనింది గానీ నేనే వద్దంటి. ఆడ నాతో ఆడేకి ఎవరుండారు," అంది. గ్రేసీకి ఎనిమిదేళ్ళు. వాళ్ళ నాయనకు కరెంటు ఆఫీసులో ఉద్యోగం, తనకల్లుకు బదిలీ అయింది. వంశీ నా మనవడు, నా కూతురు శారద కొడుకు. వాడికి ఏడేళ్ళు, మాటలు లేవు. లారీ కదిలేటప్పుడు గ్రేసీ డ్రైవరు పక్కన కూర్చుని చెయ్యి ఊపింది. వంశీ గుమ్మంలో నిలబడి లారీ చక్రాలనే చూశాడు. చక్రాలు తిరిగితే వాడికి ఇష్టం. లారీ మలుపు దాటిపోయాక లోపలికి వచ్చి, మెట్ల కింద రోజూ కూర్చునే చోట, రోజూ కూర్చున్నట్టే ఎదురుగా కొంత చోటు వదిలి కూర్చున్నాడు.

డబ్బా మూత తీస్తే లోపల చింతగింజలు. అవి నేను ఇచ్చినవే. ఎంత కడిగినా వాటికి పులుపు వాసన పోలేదు. హిందూపురంలో ఈ రెండు గదుల ఇంట్లో, అవతల వీధిలో మోటారు సైకిళ్ళు మోగుతుంటే, ఆ వాసన పట్టుకుని నేను పెనుకొండలో కొండ కింద మా వీధికి పోయి కూర్చున్నాను. శారద గార్మెంట్స్ ఫ్యాక్టరీలో పని నుంచి వచ్చి అన్నం పెట్టమని అడిగేదాకా ఆడనే ఉన్నాను.

ఎండాకాలం వచ్చిందంటే మా వీధంతా చింతపండు వాసన. హిందూపురం మండీ వ్యాపారి ఎద్దుల బండ్ల మీద కాయ తోలించేవాడు. మా ఇంటి ముందు కొట్టంలో గోనెపట్టలు పరుచుకుని మా అమ్మ, ఎదురింటి నరసమ్మ, వీధిలోని ఆడవాళ్ళు గుండ్రంగా కూర్చుని పెంకు ఒలిచేవాళ్ళు, నార లాగేవాళ్ళు, చిన్న సుత్తితో కొట్టి గింజ తీసేవాళ్ళు. కొండ రాళ్ళు పగలంతా తాగిన వేడిని సాయంత్రం మా మీదికి వదిలేవి. ఆ వేడికి పండు మెత్తబడి చేతులకు అంటుకునేది. వేళ్ళు పగిలి ఉప్పు తగిలితే భగ్గుమనేవి. పని అయ్యాక అమ్మ చేతులకు ఆముదం రాసుకుని, ఆ చేతులు ఎవరికీ తగలకుండా గాలిలో పెట్టుకుని కూర్చునేది. మా అవ్వ పని చేసేది కాదు, చేయించేది. గోడకు ఆనుకుని వక్కాకు నములుతూ, "తినాకండే, పండ్లు పులుస్తాయి," అని అందరినీ అదిలించేది. అదే నోట్లో ఒక పక్క బుగ్గన చింతపండు ముద్ద ఉండేది. "నీకు పండ్లే లేవు కదవ్వా, నీకేం పులుస్తాయిలే," అని నరసమ్మ అంటే కొట్టమంతా నవ్వేది. మధ్యాహ్నం సుత్తులు ఆగేవి. అవ్వ తడిచేత్తో సంగటి ముద్దలు చేసి వేస్తే, ఊరుబిండి నంచుకుని అందరూ అక్కడే తినేవాళ్ళు.

గింజలు మా పిల్లలవి. మూలన కుప్పగా పడేవి. వాటిలో ఎన్ని అవ్వ వేయించి మాకు పెట్టేదో, ఎన్ని మేము ఆటకు తీసుకునేవాళ్ళమో లెక్క లేదు. చాట బోర్లించి, దాని మీద గింజలు కుప్ప పోసి, పక్క గింజ కదలకుండా ఒక్కొక్కటే లాగడం మా ఆట. కదిలితే వంతు పోయి ఎదుటివాళ్ళకు వస్తుంది. ఆ ఆటకు నాయకురాలు నరసమ్మ కూతురు రంగి. నాకన్నా ఏడాది పెద్దది. పొడుగు కాళ్ళు, పెద్ద గొంతు. ఆ గొంతు వింటే కుక్కలు కూడా పక్కకు పోయేవి.

నాకు ఒక చెల్లెలు ఉండేది, గౌరి. దానికి మాట పడిపోలేదు, మొదటి నుంచీ రానేలేదు. చెవుడు కాదు. బెల్లం డబ్బా మూత చప్పుడైతే ఇంటి వెనక నుంచి పరుగెత్తుకొచ్చేది. పిలిస్తే మాత్రం చూసేది కాదు. అమ్మ దానికి వస అరగదీసి నాలుకకు రాసింది. చిలక కొరికిన జామకాయ కోసం నాయన తోటలన్నీ తిరిగాడు. దర్గాలో తాయెత్తు కట్టించారు. ఆ తాయెత్తును గౌరి రోజంతా చెవి దగ్గర పెట్టుకుని ఊపుకునేది, అంతే. దానికి ఉన్నదేమిటో చెప్పే పేరు మాకు తెలియదు. వీధిలో మాలోకం అనేవాళ్ళు. అవ్వ వింటే ఊరుకునేది కాదు గనక అవ్వ లేనప్పుడు అనేవాళ్ళు.

గౌరి మొదట గింజల్ని వరుసగా పేర్చేది. గోడ ఈ మూల నుంచి ఆ మూలకు. ఎవరైనా దాటితే కేకలు. ఒకరోజు ఎందుకో వచ్చి మా చాట ముందు కూర్చుంది, కుప్పలోంచి గింజ లాగింది. పక్కది కదల్లేదు. ఇంకొకటి లాగింది. కుప్పంతా అయిపోయేదాకా ఒక్క గింజ కదల్లేదు. దాని వేళ్ళు అలాంటివి. మొదటిరోజు అందరం నోరు తెరుచుకుని చూశాం. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. దాని వంతు పోయేదే కాదు గనక మాకు వంతు వచ్చేదే కాదు. పిల్లలు విసుక్కుని లేచిపోవడం మొదలుపెట్టారు. "ఇది మనిషా, పుల్లలు పట్టే పిట్టా? నేను రానబ్బా ఇంగ," అంది ఒకతె.

రంగి మాత్రం లేవలేదు. చాట తన వైపు లాక్కుంది. గౌరి కేక పెట్టి దాని చెయ్యి కొరికింది. రంగి చెయ్యి విదిలించుకుని, "కొరుకు. అయినా ఒక్కటే నీకు," అంది. "ఒక్కటి తీయల్ల, ఇట్ల కొట్టల్ల, ఎదుటోళ్ళకు ఇయ్యల్ల. లేదంటే చాట నాది, గింజలు నావి. పోయి మీ యమ్మకు చెప్పుకో." అమ్మకు చెప్పుకోవడానికి గౌరికి నోరెక్కడిది? అది రంగికి పట్టలేదు. వేలి కణుపుతో చాట మీద టక్కుమని కొట్టి చూపించింది. అమ్మ లేచి రాబోతే అవ్వ చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. "పిల్లకాయల తగువు. నువ్వు దూరాకు." ఆ ఎండాకాలమంతా పట్టింది. రంగి చేతి మీద పళ్ళ గాట్లు, గౌరి గొంతులో కేకలు, పెద్దవాళ్ళ తిట్లు. వానలు పడేనాటికి గౌరి ఒక గింజ లాగి, టక్కుమని కొట్టి, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని ఎదుటి మనిషి వేళ్ళ వైపు చూసేది. ముఖం వైపు కాదు, వేళ్ళ వైపు. ఎదుటివాళ్ళు లాగాక కొట్టడం మరిచిపోతే వాళ్ళ చెయ్యి పట్టుకుని తానే కొట్టించేది. ఒక మనిషి చెయ్యిని తనంత తానుగా గౌరి పట్టుకోవడం మా ఇంట్లో అదే మొదలు. అమ్మ కొంగుతో ముఖం కప్పుకుంది.

నాతో మాత్రం ఆడేది కాదు. నేను ఎదుట కూర్చుంటే గింజలు పావడాలో ఎత్తుకుని లేచిపోయేది. దాని తల దువ్వేది నేను, కడిగేది నేను, తినిపించేది నేను. దాని వల్ల నేను బడి ముఖం చూడలేదు. నాకు ఉక్రోషం వచ్చేది. "నీతో దానికేం పని? నువ్వు దాని చెయ్యివి, కాలువి. చేత్తో ఎవరన్నా ఆడతారా?" అని రంగి నవ్వేది.

రంగి పెద్దమనిషి అయ్యింది. పాత చాప, కొత్త చీర, నువ్వుల ఉండలు అన్నీ అయ్యాక మళ్ళీ కొట్టానికి వచ్చింది గానీ ఈసారి ఆడవాళ్ళ మధ్య సుత్తి పట్టుకుని కూర్చుంది. గౌరి చాట తీసుకుని పోయి దాని ఎదుట కూర్చుంది. గింజ లాగి, కొట్టి, చేతులు ఒళ్ళో పెట్టుకుంది. రంగి తల ఎత్తలేదు. గౌరి మళ్ళీ కొట్టింది. "పెద్దదైనాది తల్లీ అది, ఇంగ గింజలాట ఏంది? నువ్వు పో, పిల్లోళ్ళతో ఆడుకో పో," అంది నరసమ్మ. గౌరి కదల్లేదు. రంగి చేతులు పండు ఒలుస్తూనే ఉన్నాయి. వాళ్ళమ్మ అటు తిరిగినప్పుడు, పావడా అంచు కింద నుంచి కాలి బొటనవేలు చాపి కుప్పలో ఒక గింజను పక్కకు నెట్టింది. కుప్పంతా కదిలింది. గౌరికి అదేం పట్టలేదు. తన వంతు వచ్చింది, తీసుకుంది. ఆ ఏడాది పని ఉన్నన్నాళ్ళూ అలా కాలి వేలితో ఆడింది రంగి. మరుసటి ఏడాది దాన్ని మడకశిరకు ఇచ్చి చేశారు. తర్వాత ఒక్కొక్కరే పెద్దమనుషులయ్యారు, ఒక్కొక్కరే అత్తగారిళ్ళకు పోయారు. కొత్తగా ఎదిగిన చిన్నపిల్లలకు తమకన్నా రెండింతలున్న గౌరిని చూస్తే భయం. నన్ను హిందూపురం ఇచ్చారు. నేను పుట్టింటికి వచ్చినప్పుడల్లా అమ్మ ఒకటే మాట చెప్పేది. "మధ్యాన్నమైతే చాట ముందర కూకుంటాది. ఒక్క గింజ తీస్తాది, కొడతాది, ఇంగ చేతులు కట్టుకుంటాది. దీపాలు పెట్టే యాళదాకా అంతే. నేను కూకుంటే లేసిపోతాది. నేనేం జేసేది చెప్పు?" నా రెండో కాన్పు తర్వాత గౌరి కామెర్లతో పోయింది.

వంశీకి మూడో ఏట ఇది ఆటిజం అని డాక్టరు చెప్పినప్పుడు శారద ఏడ్చింది. నేను ఆ మాటను నోట్లో రెండుసార్లు పలికి చూసుకున్నాను. దీనికి ఒక పేరు ఉందని గౌరికి తెలియకుండానే పోయింది గదా అనుకున్నాను. శారదకు పనికి సెలవు దొరకదు, అల్లుడు లారీ మీద ఊళ్ళు తిరుగుతుంటాడు. అందుకని వారం వారం ధర్మవరంలోని ఒక కేంద్రానికి వంశీని తీసుకుపోయేది నేనే. పొద్దున ప్యాసింజరు ఎక్కుతాం. కేంద్రంలో నల్లమాడ వైపు నుంచి వచ్చిన ఒక చిన్న వయసు మేడం ఉంది. మాట్లాడలేని పిల్లలు బొమ్మ చూపించి అడగడానికి ఆమె అట్టలు ఇచ్చింది. గ్లాసు బొమ్మ కింద నీళ్ళు అని, కంచం బొమ్మ కింద అన్నం అని రాసి ఉంటుంది. ఇంట్లో గోడకు దారం కట్టి బట్టల క్లిప్పులతో వాటిని తగిలించాం. రోజూ వాడితో కూర్చుని అట్ట చూపించి, ఆ మాట పైకి అనాలి. వాడు బొమ్మను చూస్తుంటే నేను కింద గీతల్ని చూసేదాన్ని. అరవై దాటాక నాకు అక్షరాలు వచ్చింది అలాగే. కేంద్రంలో కాచుకుని కూర్చునే గంటల్లో మేడం తక్కినవి పలక మీద దిద్దించింది. ఒకనాడు రైలు పెనుకొండలో ఆగితే పసుపు పలక మీద పేరును కూడబలుక్కుని చదివాను. పుట్టిన ఊరి పేరు చదవడానికి నాకు ఇంత వయసు పట్టింది. పక్కన వంశీ కిటికీ ఊచను నాలుకతో చూస్తున్నాడు.

ఆ అట్టలతో వాడు నీళ్ళు అడిగేవాడు, అన్నం అడిగేవాడు. అదీ శారదను. నన్ను అడిగేవాడు కాదు. ఒకరోజు మేడం మమ్మల్నిద్దరినీ చూస్తూ కూర్చుని అంది. "అవ్వా, నువ్వు వాడు అడగకముందే ఇచ్చేస్తాండావు. వాని కన్ను అటు తిరిగితే నీ చెయ్యి పోతాండాది. నీతో వానికి అడిగే పనే లేదు. వాని ఈడు పిల్లలు కావల్ల. వాళ్ళకు వీడు అర్థం కాడు, అందుకే వీడు చెప్పాల్సొస్తాది. ఇద్దరొద్దు, ఒక్కరైనా చాలు. రోజూ కొంతసేపు ఆడించు." నువ్వు దాని చెయ్యివి, కాలువి అన్న రంగి గొంతు నాకు అప్పుడే వినపడింది.

ఒక్క బిడ్డను తేవడం అంత కష్టమని నేను అనుకోలేదు. మా వీధిలో పిల్లలు ఉన్నారు, గేట్ల లోపల ఉన్నారు. బడి నుంచి వచ్చి ట్యూషన్‌కు పోతారు, ట్యూషన్ నుంచి వచ్చి ఫోన్ పట్టుకుంటారు. బిస్కెట్లు పెడతానంటే ఇద్దరు మగపిల్లలు వచ్చారు. "వీనికి సౌండ్ రాదా అవ్వా?" అన్నాడు ఒకడు. "ఛార్జింగ్ లేదులేప్పా," అన్నాడు రెండోవాడు. బిస్కెట్లు తిని శారద ఫోన్ అడిగారు. లేదంటే వెళ్ళిపోయారు. మూడో ఇంటి ఆమె గేటు తెరవకుండానే, "మా బాబు వీణ్ణి చూసి అట్లే చేతులు ఊపేది నేర్చుకుంటే ఎట్ల అక్కా? ఏమనుకోవద్దు," అంది. నేనేమీ అనుకోలేదు. ఏమనుకుని ఏం చేయాలి? మా కాలంలో తల్లులు మంచివాళ్ళనీ ఇప్పటివాళ్ళు కాదనీ నేను అనను. మా తల్లులు చేతుల నిండా పులుపుతో మా వైపు చూసే తీరిక లేక మమ్మల్ని వదిలేశారు. ఆ వదిలేసిన చోట రంగి దొరికింది. ఇప్పుడు అన్నీ తెలిసిన మేడం ఉంది, అట్టలున్నాయి, పోయి వచ్చే రైలుంది. రంగి లేదు.

గ్రేసీ పిలవకుండానే వచ్చింది. వేసవి సెలవుల్లో ఒకరోజు నేను ఏడాదికి సరిపడా చింతపండు తెచ్చుకుని గింజలు తీస్తుంటే, మెట్ల మీద నుంచి తల వంచి, "ఇవేం చేస్తావవ్వా?" అంది. ఆట చెప్పాను. రెండు నిమిషాల్లో నేర్చుకుని, వంశీని చూసి, "వాడు ఆడడా?" అంది. ఆడడు అన్నాను. "ఎందుకాడడు, ఆడతాడు. నువ్వు లోపలికి పో అవ్వా. నువ్వుంటే వాడు నా దిక్కు చూడడు," అంది. నేను లేచి వంటింట్లోకి పోయి తలుపు సందులోంచి చూస్తూ నిలబడ్డాను. వాడు గింజలన్నీ లాక్కున్నాడు. ఆమె లాక్కుంది. వాడు అరిచాడు. ఆమె అంతకన్నా గట్టిగా అరిచింది. వాడు ఆశ్చర్యపోయి ఆగాడు. వాడి ఎదుట ఎవరూ అంతవరకు అరవలేదు. "నా వంతు వంశీగా. ముట్టుకుంటే కొరుకుతా చూడు," అంది గ్రేసీ. నేను గ్యాసు బండ పట్టుకుని ఇంకా ముందుకు వంగి చూశాను.

వేలి కణుపుతో కొట్టడం ఒక్కటి నేను నేర్పాను. తక్కినదంతా గ్రేసీ చేసింది. రోజూ సాయంత్రం ఎండ మెట్లు దిగే వేళకు వచ్చేది. కొన్ని రోజులు వాడు గోడ వైపు తిరిగి కూర్చునేవాడు. ఆమె తానే రెండు వంతులూ ఆడి, తన వంతులో తానే మోసం చేసి, ఆ మోసం వాడికే చెప్పి వెళ్ళిపోయేది. తర్వాత ఒక గింజ తీశాడు. ఇంకా తర్వాత, తీసి కొట్టాడు. సెలవులు సగమయ్యేసరికి ఎదుట చోటు వదిలి కూర్చుని, ఆమె దిగే మెట్ల చప్పుడుకు తల ఎత్తుతున్నాడు. ధర్మవరంలో ఈ సంగతి చెబితే మేడం కుర్చీలోంచి లేచింది. "ఆ పిల్లకు ఒక అట్ట చేయండి అవ్వా," అంది. గ్రేసీయే తన బొమ్మ గీసుకుంది, కొమ్ముల్లా రెండు జడలు, నోటి నిండా పళ్ళు. కింద పేరు నేను రాశాను. ఇంకొకరి పేరు నేను రాయడం అదే మొదలు. ఆ గ్రే అక్షరానికి నాకు చెమటలు పట్టాయి. దారానికి చివరన తగిలించాం. చాలా రోజులు వాడు దాన్ని ముట్టలేదు. ఒక సాయంత్రం ఆమె రావడం ఆలస్యమైతే, లేచి పోయి ఆ అట్ట లాక్కుని వచ్చి నా చేతిలో పెట్టాడు. నన్ను వాడు ఏదైనా అడగడం అదే మొదలు. నేను మెట్ల దగ్గరికి పోయి, "గ్రేసీ, నీ చీటీ వచ్చిందే," అని కేక వేశాను. ధడధడమని దిగి వచ్చింది. ఆ రోజు నుంచి రోజూ అంతే. అట్ట రావడం, నేను కేక వేయడం, ఆమె దిగడం.

బడులు తెరిచే ముందు బదిలీ కాగితం వచ్చింది. వాళ్ళ నాయన మంచివాడు, వచ్చి చెప్పి నిలబడ్డాడు. "ఏం చేసేదమ్మా, గవర్నమెంటు పని," అన్నాడు. కూర్చోమని కాఫీ ఇచ్చాను.

పైవాటాలో ఇప్పుడు బ్యాంకులో చేసే ఇద్దరు అబ్బాయిలున్నారు. పొద్దున పోతే రాత్రికి వస్తారు. శారద ఒకరోజు తనకల్లుకు ఫోన్ చేసి గ్రేసీ ముఖం చూపించింది. "వంశీగా, ఒరేయ్, ఈడ చూడరా," అని ఆ పిల్ల అరుస్తూనే ఉంది. వాడు ఫోన్ తీసుకుని తిప్పి, దాని వెనక వైపు చూశాడు. అక్కడ ఎవరూ లేరు. కింద పెట్టేశాడు. దారానికి ఆ అట్ట అలాగే ఉంది. "తీసేయమ్మా దాన్ని, నా వల్ల కావడంలేదు చూసేకి," అంటుంది శారద. మేడం వద్దంటుంది. "వస్తువును కాదవ్వా, మనిషిని అడుగుతాండాడు. ఎంత దూరం వచ్చినాడో నీకు తెల్దు. తీసేస్తే అడిగేదే మానేస్తాడు," అంటుంది. ఇద్దరి మాటా నిజమే. అట్టను చేతిలోకి తీసుకుంటాను, మళ్ళీ తగిలిస్తాను. వీధిలోకి పోయి గేట్ల వైపు చూసి వస్తాను. పోయిన వారం ఒక పాప గేటు దాకా వచ్చి గింజల్ని చూసి నవ్వింది. లోపల నుంచి వాళ్ళమ్మ హోంవర్కుకు పిలిచింది.

ఆ దారం మీద తక్కిన ప్రతి అట్టకూ ఇవ్వాల్సింది నా దగ్గర ఉంది. నీళ్ళకు నీళ్ళు ఇస్తాను, అన్నానికి అన్నం పెడతాను. నా చేత్తో రాసిన అట్ట అదొక్కటే. దానికి ఇవ్వడానికి నా దగ్గర ఏమీ లేదు. నేను ఎదుట కూర్చుంటే వాడు గింజలు చొక్కాలోకి ఎత్తుకుని లేస్తాడు.

ఈ సాయంత్రం కూడా ఎండ మెట్లు దిగే వేళకు లేచాడు. అట్ట తెచ్చి నా చేతిలో పెట్టాడు. మెట్ల కిందికి పోయి చాట బోర్లించి కుప్ప పోశాడు. ఒక్క గింజ తీశాడు, పక్కది కదల్లేదు. వేలి కణుపుతో టక్కుమని కొట్టి, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, ఎదుట వదిలిన చోటు వైపు చూస్తూ కూర్చున్నాడు. ఏడవడం లేదు, నా చెయ్యి లాగడం లేదు. ఎదుటివాళ్ళ వంతు వచ్చినప్పుడు ఆగాలని మేమే నేర్పించాం. ఆగుతున్నాడు.